జేజినాయన ట్రంకు పెట్టెలో స్పెయిన్ ఎండ: ఈ పాత టూరిజం కాయితాలు ఏ కాలంవో చెప్పండప్పా

మనవడు_గుంతకల్లు | శనివారం రాత్రి

అందరికీ నమస్తే. మాది గుంతకల్లు. పాత మిద్దె పడగొట్టి కొత్తది కట్టాలని పోయిన వారం సామాను బయటికి తీస్తుంటే అటక మీద జేజినాయన ట్రంకు పెట్టె బయటపడింది. ఆయన రైల్వే గార్డు. చనిపోయి ఇరవై ఏండ్లు దాటింది. పెట్టెలో యూనిఫాం, జెండాలు ఉంటాయనుకున్నాం. విజిల్ ఒక్కటి ఉంది. దాని కింద అంతా రంగురంగుల మడత కాయితాలే. లెక్కపెడితే ముప్పై నాలుగు. ఏది విప్పినా సముద్రం, ఇసుక, గొడుగులు, ఈత బట్టల్లో తెల్లోళ్లు. మా చిన్నాయన రెండు చూసి, "మా నాయన ఇట్లాంటివి గూడ దాచినాడా" అని నవ్వుకుంటా బయటికి పోయినాడు.

సగానికి పైగా స్పెయిన్‌వి. కోస్టా డెల్ సోల్ అని పెద్దక్షరాలతో ఉంది, సూర్యుడి తీరం అని అర్థమంట. మిగిలినవి ఇటలీ, ఫ్రాన్స్, ఒకటి రెండు మన గోవావి. అన్నిట్లోకీ బాగున్నది ఒకటి చెప్తా. ఆరు మడతలు. విప్పితే చాప మాదిరి పరుచుకుంటుంది. ఒకవైపు చేత్తో గీసిన మ్యాపు. అందులో కొండ ఎంతుందో గిటారు వాయించేవాడూ అంతే ఉన్నాడు, చేప పడవ కంటే పెద్దది. పైన మూల సూర్యుడికి కండ్లు, ముక్కు, నవ్వు. రెండోవైపు ఫోటోలు, కింద హోటళ్ల రేట్ల పట్టీ. ఆ పట్టీ పక్కన పెన్సిల్‌తో జేజినాయన లెక్కలు: 23-80 అని రాసి కొట్టేసి, దాని కింద 37-50. ఇంకోచోట 166-60 కొట్టేసి, 262-50. వడ్డీ లెక్కో చీటీ లెక్కో తెలియలా.

మా జేజికి ఎనభై ఎనిమిది. చూపిస్తే, "ఎండలో పండుకోనీకి దుడ్లిచ్చి పోతారా ఎవరన్నా?" అనింది. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి, ఇంకేమంటుంది.

నాకు కావాల్సింది ఏమంటే, ఇవి ఏ కాలంవి? తేదీ ఎక్కడా లేదు. గుంతకల్లు గార్డుకు స్పెయిన్ కాయితాలు యాడనుంచి వచ్చినాయి? మిద్దె కారి కొన్నిటికి తేమ తగిలింది. రేపు పొద్దున మిద్దె మీద ఎండలో ఆరబెడదామనుకుంటున్నా.

పాతకాయితాలు_కర్నూలు | శనివారం రాత్రి

అన్నా, దండం పెడతా, ఎండలో మాత్రం పెట్టొద్దు! పడుకునే ముందే ఇది చదువుతావని ఆశ.

నీడలో, గాలి ఆడే గదిలో, కింద అచ్చు లేని తెల్ల కాయితం పరిచి ఆరబెట్టు. ఫ్యాను నేరుగా వాటి మీదికి తిప్పొద్దు. రెండు కాయితాలు అతుక్కొని ఉంటే పీకొద్దు, అట్లే వదిలేయ్. మధ్యలో గుచ్చిన పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి. వెనక కాళ్లు మెల్లగా లేపి ఒక్కొక్కటీ తీయాలి, లాగితే ఆ చోట కాయితం పొడి అవుతుంది. బాగా ఆరినాక జిప్పు కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఒక వారం ఉంచితే కాయితాలు తినే వెండిపురుగు చస్తుంది. తేమ ఉండగా ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

ల్యామినేషన్ వద్దు. సెల్లో టేపు వద్దు. న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, దాని ఆమ్లం వీటికి ఎక్కి పసుపు చేస్తుంది. ప్లాస్టిక్ వాసన గుప్పుమనే మెత్తని ఫైళ్లు అసలే వద్దు, కొన్నేళ్లకు బొమ్మ ఆ ఫైలుకే అంటుకుపోతుంది. ఇంకో మాట, పెన్సిల్ రాతలు చెరపొద్దు.

తేదీ సంగతి రేపు తీరిగ్గా రాస్తా.

అమ్మేయన్నా | ఆదివారం ఉదయం

ఇవి విదేశాల్లో లక్షలు పలుకుతాయి, నేను వీడియోలో చూసినా. మంచి ఫోటోలు తీసి పెట్టు, అమ్మేద్దాం. కొత్త మిద్దెకు గ్రానైట్ వస్తుంది.

పాతకాయితాలు_కర్నూలు | ఆదివారం ఉదయం

అమ్మేయన్నా, లక్షలు పలికేవి గోడ పోస్టర్లు. 1920, 30ల్లో ఫ్రాన్స్‌లో పారిస్-లియోన్-మెడిటరేనియన్ రైల్వే కంపెనీ రోజే బ్రోడర్స్ అనే చిత్రకారుడితో నీస్, మొనాకో, ఆంతీబ్ ఊళ్లకు పోస్టర్లు వేయించింది. ఆ కాలపు అసలు అచ్చు దొరికితే వేల డాలర్ల మాటే. మనోడి దగ్గరున్నవి ఊరికే పంచిన మడత కాయితాలు. వేలకొద్దీ అచ్చేసి, అడిగినోడికల్లా ఇచ్చినవి. టీ, సమోసా డబ్బులు వస్తాయి. నా దగ్గర ఇట్లాంటివి రెండు పెట్టెలున్నాయి, మా ఇంటావిడను అడగండి వాటి విలువెంతో.

మనవడన్నా, తేదీకి ఒక దారుంది. స్పెయిన్‌లో 1958 నుంచి అచ్చయ్యే ప్రతిదానికీ డెపోసితో లెగల్ అనే నంబరు వేయాలి. ప్రభుత్వ గ్రంథాలయానికి కాపీ ఇచ్చినట్టు గుర్తు. ముందు జిల్లా అక్షరం, మాడ్రిడ్‌కు ఎం, బార్సిలోనాకు బి. తర్వాత వరస నంబరు, చివర సంవత్సరం. చీమ తలకాయంత అక్షరాల్లో చివరి మడత అడుగునో, మడత వంపులోనో ఉంటుంది. భూతద్దం పట్టుకొని వెతుకు.

మనవడు_గుంతకల్లు | ఆదివారం మధ్యాహ్నం

దొరికిందన్నా! ఆరు మడతల దాంట్లో సూర్యుడి గడ్డం కింద మడత వంపులోనే ఉంది. ఎం అక్షరం, చివర 1964. మిగిలిన స్పెయిన్‌వి 1962 నుంచి 67 దాకా ఉన్నాయి. ఆరబెట్టేది నీడలోనే జరుగుతాంది. హాలంతా బీచీ అయిపోయింది, కాలు పెట్టనీకి చోటు లేదు.

ఇంకొకటి. ట్రంకు మూత లోపల ఒకటి అంటించి ఉంది. అది మాత్రం వేరేగా ఉంది. ఆకాశం, సముద్రం నీలంగా బాగున్నాయి గానీ ఇసుక తెల్లగా పాలిపోయింది, మనుషులు బూడిద రంగులో ఉన్నారు. సూర్యుడు ఉండాల్సిన చోట గుండ్రంగా ఖాళీ. పెట్టె ఒకప్పుడు కిటికీ పక్కన మూత తెరిచి ఉండేదని, అందులో బట్టలు పెట్టుకునేవాళ్లమని మా అత్త చెప్పింది.

ప్రెస్సాయన_ప్రొద్దుటూరు | ఆదివారం సాయంత్రం

అచ్చు మా లైను కాబట్టి చెప్తా. నాలుగు రంగుల అచ్చులో ఎండకు ముందు పోయేది పసుపు, గులాబీ రంగులు. నీలం, నలుపు గట్టివి. అందుకే పాత సినిమా పోస్టర్లు, సెలూన్లో దేవుడి పటాలు కొన్నేళ్లకు నీలంగా మారతాయి. మీ మూత మీద సూర్యుడు పసుపు ఇంకుతో అచ్చయినాడు, ఆ పసుపును ఎండ తినేసింది. సముద్రం నీలం గనక మిగిలింది. ఎండను చూపించి పిలిచే కాయితంలో ఎండకు ముందు పోయింది సూర్యుడే. నలభై ఏండ్లుగా ఇంకు వాసన పీలుస్తున్నా గానీ ఇది తలుచుకుంటే నవ్వొస్తుంది.

భూతద్దం చేతిలో ఉంది కదా, ఒక పని చేయండి. మనిషి చెంప మీద పెట్టి చూడండి. చుక్కలు పువ్వు ఆకారంలో గుంపుగా కనిపిస్తే ఆఫ్‌సెట్. చుక్కల బదులు సన్నని జల్లెడ గళ్లు, గాఢంగా వెల్వెట్ మాదిరి రంగు కనిపిస్తే గ్రావ్యూర్. రాగి సిలిండర్ మీద గుంతలు చెక్కి, వాటిలో ఇంకు నింపి అచ్చేసే పద్ధతి. పెద్ద ఎత్తున అచ్చేయాలంటే అప్పట్లో అదే. ఆ నీలంలో లోతు అక్కడి నుంచి వస్తుంది. ఆ కాలంలో మా ఊర్లో కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ మీద పెండ్లి పత్రికకు రెండో రంగు వేస్తేనే గొప్ప. పెండ్లికొడుకు పేరు ఎర్రగా వస్తే ఊరంతా చూపించుకునేవాళ్లు.

మనవడు_గుంతకల్లు | ఆదివారం సాయంత్రం

జల్లెడ గళ్లే సార్! ఇటలీ వాటిలో మాత్రం పువ్వు చుక్కలున్నాయి. ఒకదాంట్లో అమ్మాయి పెదవుల ఎరుపు మూతి పక్కకు జరిగింది.

ప్రెస్సాయన_ప్రొద్దుటూరు | ఆదివారం సాయంత్రం

రిజిస్టర్ తప్పిందంటారు దాన్ని. ఆ రోజు అక్కడ మిషన్ మీదున్నోడు కూడా మన మాదిరి మనిషే.

సోషల్_టీచరమ్మ | ఆదివారం రాత్రి

కడప నుంచి. పిల్లలకు పాఠం చెప్పినట్టుంటే క్షమించండి, అలవాటు.

ఈ కాయితాలు అమ్మే సరుకు ఏమిటో చూడండి. మొదట్లో అది ఎండ కానే కాదు. ఫ్రాన్స్ దక్షిణ తీరానికి కోత్ దజూర్ అన్న పేరే 1887లో స్తెఫెన్ లియెజార్ రాసిన పుస్తకంతో వచ్చింది, నీలి తీరం అని అర్థం. అక్కడికి చలికాలంలో ధనవంతులు పోయేవాళ్లు. ఎండాకాలం వస్తే హోటళ్లు తలుపులు మూసేవి. ఎండకు కమిలిన ఒళ్లంటే కూలివాళ్ల ఒళ్లని చిన్నచూపు. 1920ల్లో ఆ అభిప్రాయం తిరగబడి, కమిలిన ఒళ్లే ఫ్యాషనైంది. అప్పుడు వేసవి సీజన్ మొదలైంది, పోస్టర్లలో సూర్యుడు పెద్దవాడయ్యాడు.

ఎండ లేని ఊరివాళ్లు ఏం చేశారంటే, చలిగాలిని అమ్మారు. ఇంగ్లండ్ తూర్పు తీరంలో స్కెగ్నెస్ అని ఒక ఊరుంది. 1908లో గ్రేట్ నార్తర్న్ రైల్వే కోసం జాన్ హాసల్ అనే చిత్రకారుడు ఒక లావుపాటి జాలరి ఇసుకలో గంతులేస్తున్న బొమ్మ గీశాడు. ఈ ఊరి గాలి ఎంత హుషారో అని కింద మాట. ఆ బొమ్మకు ఆయనకు ముట్టింది 12 గినీలు, అంటే పన్నెండు పౌన్లకు కాస్త ఎక్కువ. ఆ ఊరిని ఆయన కళ్లారా చూసింది మాత్రం 1936లో.

అదే కాలంలో గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఇంకో ఎత్తు వేసింది. ఇంగ్లండ్ నైరుతి మూలనున్న కార్న్‌వాల్, ఇటలీ మ్యాపులు పక్కపక్కన గీసి, చూడండి రెండూ ఒకే ఆకారం, ఒకే వాతావరణం, ముందు సొంత దేశం చూడండి అంది. ఆకారం కుదరడానికి మ్యాపును తమకు అనువుగా తిప్పి గీశారు!

చీనీతోట | సోమవారం ఉదయం

మేడమ్మా, మన గండికోటను గ్రాండ్ కాన్యన్ అంటాండారే, అదీ ఇదీ ఒకటే కదా. పెన్నమ్మకు సొంత పేరు లేదా ఏంది?

సోషల్_టీచరమ్మ | సోమవారం ఉదయం

అదే నా బాధ. మా పిల్లలను గండికోటకు తీసుకుపోతే, అక్కడ ధాన్యాగారం, జామా మసీదు, మాధవరాయ స్వామి గుడి ఉన్నాయని కాదు, అమెరికాలోది ఇట్లే ఉంటుందా టీచర్ అని అడుగుతారు. అమెరికాకు పోయినవాళ్లు అక్కడ నిలబడి ఇది గండికోట మాదిరి ఉందే అనుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

చీనీతోట | సోమవారం ఉదయం

మనవడప్పా, నువ్వు పెట్టిన ఫోటోల్లో నాలుగోది జూసి నేను నవ్వినా. తెల్ల సున్నం కొట్టిన ఇండ్లు, ఎనక బోడి గుట్ట, దోవ పక్కన కిత్తనార, నాగజెముడు, గాడిద మీద ముసలాయన. కింద చీనీ చెట్లు. ఇది స్పెయిన్ యాడుండాది, మా తాడిపత్రి కాడ యాటికి పోయినా ఇదే! ఒగ సముద్రం తక్కువ, అంతే. మా కాడ సున్నం గూడ అంతే తెల్లగుంటాది, సున్నపురాయికి కరువా మనకు. ఈ ఎండ జూడనీకి యిమానాలెక్కి వచ్చినారంటే నాకు నమ్మబుద్ది కాలే.

మాలగా_కడపోడు | సోమవారం మధ్యాహ్నం

ఈ చర్చ మా ఫ్రెండు పంపిచ్చినాడు. నేను కడపోన్ని, సాఫ్ట్‌వేర్ పని మీద మూడేండ్ల నుంచి కోస్టా డెల్ సోల్‌లోనే, మాలగా సిటీలో ఉండా. చీనీతోట అన్నా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. మొదటిసారి ఊరి బయటికి బస్సులో పోయినప్పుడు నాకు ముద్దనూరు ఘాట్ గుర్తొచ్చింది. ఆ కిత్తనార, నాగజెముడు రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. ఈడికీ వచ్చినాయి, మనకీ వచ్చినాయి.

ఇంకో లెక్క చెప్తా, ఎవురూ నమ్మరు. మాలగాలో ఏడాదికి కురిసే వాన 530 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మన అనంతపురం సగటు 550. వాన లెక్కలో రెండూ అన్నదమ్ములు! ఒకటి కరువు జిల్లా, ఇంకోటి ప్రపంచమంతా వచ్చే తీరం. తేడా యాడంటే, వీళ్లకు వాన చలికాలంలో పడి, ఎండాకాలమంతా మబ్బు కనబడదు. వచ్చేటోళ్లకు కావాల్సింది అదే. ఆగస్టులో పగలు 30, 31 డిగ్రీలు, సముద్రపు గాలి. మన మే నెల 40 కాదు. ఎప్పుడన్నా లోపలి కొండల నుంచి తెరాల్ అని వడగాలి కొడతాది, ఆ రోజు 40 దాటుతాది. ఈడ జనం తలుపులేసుకొని తిట్టుకుంటాంటారు, నేను మా ఊర్లో ఉన్నట్టు హాయిగా తిరుగుతా.

తూర్పుగా పోతే అల్మెరియా. ఏడాదికి 200 మిల్లీమీటర్లు వస్తే ఎక్కువ. యూరప్‌లో అంత ఎండిన చోటు ఇంకోటి లేదంటారు. ఈడ 30 వేల హెక్టార్ల దాకా ప్లాస్టిక్ కప్పు కింద టమాటా, మిరప, దోస పండిస్తాండారు. కొండెక్కి చూస్తే తెల్లగా ఇంకో సముద్రం. డ్రిప్పు పైపులు చూస్తే మన చీనీ తోటలే.

చీనీతోట | సోమవారం మధ్యాహ్నం

వాన లెక్క రెండుసార్లు జదివినా. మా నాయన బతికింటే కండ్లెంట నీళ్లు పెట్టుకునేటోడు. అదే వాన, అదే ఎండ. ఒగరికి హోటల్లు, మాకు బోర్లు.

సోషల్_టీచరమ్మ | సోమవారం సాయంత్రం

వాన ఒక్కటే చూడకండి చీనీతోట గారూ, ఆ కాయితం అచ్చేసిన చేయిని కూడా చూడండి. అది స్పెయిన్‌ను జనరల్ ఫ్రాంకో ఏలిన నియంతృత్వ కాలం. 1959లో వాళ్ల ఖజానాలో డాలర్లు అడుగంటి, తమ డబ్బు పెసేటా విలువ తగ్గించి, విదేశీయులకు తలుపులు బార్లా తెరిచారు. అదే ఏడాది తొర్రెమొలినోస్ అనే జాలరి పల్లెలో పెజ్ ఎస్పాదా అని పెద్ద హోటల్ లేచింది. 1962 నుంచి 69 దాకా సమాచార, పర్యాటక శాఖ మంత్రి మనువేల్ ఫ్రాగా. స్పెయిన్ తీరే వేరు అన్న నినాదం ఆయన హయాంలో మోగిపోయింది. 1960లో సుమారు 60 లక్షల మంది వస్తే 1970లో సుమారు 2 కోట్ల 40 లక్షలు. సమాచారమూ పర్యాటకమూ ఒకే శాఖ కింద ఎందుకు పెట్టారో గమనించండి. పత్రికలను కత్తిరించేదీ బీచి బొమ్మలు పంచేదీ ఒకే కత్తెర.

ఆ బొమ్మల్లో ఈత బట్టల్లో నవ్వుతున్న పరదేశి ఆడవాళ్లు కనిపిస్తారు. అదే దేశంలో పెళ్లయిన స్పెయిన్ ఆడమనిషి మొగుడి అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరవడానికి వీల్లేదు. ఆ చట్టం పోయింది 1975లో.

ప్రెస్సాయన_ప్రొద్దుటూరు | సోమవారం సాయంత్రం

టీచరమ్మ గారూ, ఆ మంత్రి సముద్రంలో ఈత కొట్టిన కథ చెప్పలేదే.

సోషల్_టీచరమ్మ | సోమవారం సాయంత్రం

మరిచిపోలేదండీ, రెండో భాగానికి దాచా! 1966 జనవరి 17న అల్మెరియా తీరంలో పలోమారెస్ ఊరి మీద అమెరికా బి-52 బాంబర్, ఇంధనం నింపే విమానం ఆకాశంలో గుద్దుకున్నాయి. నాలుగు హైడ్రోజన్ బాంబులు పడ్డాయి. మూడు నేల మీద, ఒకటి సముద్రంలో. పేలలేదు గానీ రెండు పగిలి ప్లుటోనియం పొలాల్లో చల్లుకుంది. ఇక తీరానికి ఎవరొస్తారు? మార్చి 8న ఫ్రాగా, అమెరికా రాయబారి ఏంజియర్ బిడిల్ డ్యూక్ ఇద్దరూ ఈత నిక్కర్లేసుకొని, కెమెరాల ముందు ఆ నీళ్లలో దిగారు. చలికాలం నీళ్లు. సముద్రంలో పడ్డ బాంబు ఏప్రిల్ 7న గానీ పైకి రాలేదు. ప్రచార కాయితాలకు మంత్రి ఒళ్లే చివరి పేజీ అయింది.

మాలగా_కడపోడు | సోమవారం రాత్రి

ఆ ఫోటో ఈడ ముసలోళ్లందరికీ తెలుసు. మా ఇంటి ఓనరు తాత దాని గురించి చెప్పేటప్పుడు పొట్ట లోపలికి పీల్చి మంత్రి నడక నడిచి చూపిస్తాడు. తొర్రెమొలినోస్ ఇప్పుడు పోతే పల్లె అనే గుర్తు యాడా కనపడదు, అన్నీ అంతస్తులే. ఒకటి మిగిలింది. ఇసుకలో పాత పడవ పెట్టి, దాన్లో మన్ను నింపి నిప్పు చేసి, వెదురు పుల్లకు ఆరేడు సార్డిన్ చేపలు గుచ్చి కాలుస్తారు. ఉప్పు తప్ప ఏమీ ఉండదు. నేను కారంపొడి పొట్లం జేబులో పెట్టుకొని పోతా.

మీటర్‌గేజి | సోమవారం రాత్రి

ఎవ్వరూ అసలు ప్రశ్న అడగట్లేదు. మనవడి జేజినాయన గుంతకల్లు గార్డు. ఆయన స్టేషన్ నుంచే గోవాకు బండి! గుంతకల్లు, బళ్లారి, హోస్పేట, గదగ్, హుబ్లీ, లోండా, క్యాసిల్ రాక్, దూద్‌సాగర్, అక్కడి నుంచి మార్ముగోవా. మీటర్ గేజి. పోర్చుగీసు వాళ్ల వైపు లైను 1888లో తెరిచారు. చేతిలో పాసు ఉన్న మనిషి, సముద్రం ఒక రాత్రి దూరంలో పెట్టుకొని, స్పెయిన్ కాయితాలు ఎందుకు దాచాడు?

మనవడు_గుంతకల్లు | సోమవారం రాత్రి

మా చిన్నాయనను అడిగినా. 1955లో గోవాకు బండ్లు ఆగిపోయినాయంట కదా?

మీటర్‌గేజి | సోమవారం రాత్రి

నిజమే. పోర్చుగల్‌తో తగవు, సరిహద్దు మూత. 1961 డిసెంబర్ 19న గోవా మనదైంది, తర్వాతే లైను మళ్లీ కలిసింది. మీ పెట్టెలో ఉన్న గోవా కాయితాలు ఆ తర్వాతవే అయ్యుంటాయి. మీటర్ గేజి మార్చింది 1990ల్లో. దూద్‌సాగర్ దగ్గర బండి మెల్లగా పోతుంటే కిటికీలోంచి నీటి తుంపర ముఖానికి కొట్టేది. నేను చిన్నప్పుడు మా నాయన పాసు మీద పోయినా. సముద్రం గుర్తు లేదు, ఆ తుంపర గుర్తుంది.

బ్యాంకు_రిటైర్డ్_అనంతపురం | మంగళవారం ఉదయం

మిత్రులకు నమస్కారం. రెండు విషయాలు చెప్పగలను.

ఒకటి, ఈ కాయితాలు గుంతకల్లుకు ఎలా వచ్చాయన్నది. అప్పట్లో ఇది చాలామందికి ఉన్న పిచ్చి. నాకూ ఉండేది. షార్ట్‌వేవ్ రేడియో వినడం, వాళ్ల స్టేషన్లకు ఉత్తరం రాయడం, రాయబార కార్యాలయాలకూ టూరిస్టు ఆఫీసులకూ కార్డు రాసి, దయచేసి మీ దేశం గురించి కాయితాలు పంపగలరు అని అడగడం. కొన్ని చోట్ల అంతర్జాతీయ రిప్లై కూపన్ కలిపితే త్వరగా పంపేవాళ్లు. పోస్టాఫీసులో కొని జతపరిస్తే వాళ్ల దేశంలో దాన్ని స్టాంపులుగా మార్చుకునేవాళ్లు, 1906లో తీర్మానించిన పద్ధతి. ఏ కార్డుకు జవాబొస్తుందో తెలియదు. రెండు నెలలకు పోస్ట్‌మ్యాన్ లావు కవరు తెచ్చి ఇచ్చిన రోజు వీధిలో మనం పెద్దమనుషులం. పోయే ఉద్దేశం ఎవరికీ ఉండేది కాదు. రిజర్వు బ్యాంకు అనుమతి లేనిదే విదేశీ మారకం ఒక్క డాలరు దొరకని రోజులు.

రెండోది, పోయే ఉద్దేశం ఎవరికీ ఉండేది కాదన్నాను గదా, మీ తాతగారి విషయంలో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బాబూ, ఆ పెన్సిల్ లెక్కల పక్కన హోటల్ రేటు ఎంతుందో చూసి చెప్పు. 300 పెసేటాలా?

మనవడు_గుంతకల్లు | మంగళవారం ఉదయం

300 సార్! భోజనంతో కలిపి రోజుకు 300. మీకెట్ల తెలిసింది?

బ్యాంకు_రిటైర్డ్_అనంతపురం | మంగళవారం మధ్యాహ్నం

ఆ రోజుల్లో డాలరుకు 60 పెసేటాలు. 300 అంటే 5 డాలర్లు. డాలరుకు మన రూపాయలు 4.76. ఐదుసార్లు వేస్తే 23.80. అదీ మొదటి అంకె. ఏడు రోజులకు 166.60.

1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరు 4.76 నుంచి 7.50 అయింది. ఐదు డాలర్లు 37.50. ఏడు రోజులకు 262.50.

అంటే జూన్ కంటే ముందు ఆయన ఈ హోటల్‌లో ఏడు రోజులు ఉంటే ఎంతవుతుందో లెక్కేశారు. విలువ తగ్గించాక మళ్లీ కాయితం తీసి, పాతది కొట్టేసి, కొత్తది రాశారు. నేను కౌంటర్లో కూర్చున్న మనిషిని. పోవాలనుకోనివాడు రేటు మారినప్పుడు లెక్క తిరగరాయడు.

పాతకాయితాలు_కర్నూలు | మంగళవారం మధ్యాహ్నం

సార్, ఇరవై ఏండ్ల నుంచి ఈ కాయితాలు పోగేస్తున్నా, ఇట్లాంటిది ఎక్కడా చూడలేదు. అన్నా, ఆ ఒక్కటీ ఎవ్వరికీ ఇవ్వొద్దు. నేనడిగినా ఇవ్వొద్దు.

అమ్మేయన్నా | మంగళవారం మధ్యాహ్నం

నేను నోరు మూసుకుంటున్నా.

చీనీతోట | మంగళవారం సాయంత్రం

ఎండ అమ్మేది మనకు చేతకాలే అనుకుంటా ఉంటిమి గానీ, కర్నూలు కాడ ఓర్వకల్లు పక్కన గని, శకునాల ఊర్లలో సోలార్ పార్కు జూసినారా ఎవురన్నా? మా అల్లుడు ఆడ పని జేస్తాండాడు.

పాతకాయితాలు_కర్నూలు | మంగళవారం సాయంత్రం

చూడకుండా ఎట్లుంటా, మా ఊరి పక్కనే. 1000 మెగావాట్లు, దగ్గర దగ్గర ఆరు వేల ఎకరాలు. 2017లో మొదలైనప్పుడు ఒకేచోట అంత పెద్దది ప్రపంచంలో లేదన్నారు. దూరం నుంచి పొద్దున చూస్తే నీళ్లు నిలిచిన చెరువులాగే ఉంటుంది. కొంగలు గూడ మోసపోతాయేమో.

చీనీతోట | మంగళవారం సాయంత్రం

అదే అంటాండా. స్పెయినోడు ఎండ కాడికి మనుషుల్ని పిలిచినాడు, మనం ఎండను తీగలో పెట్టి బయటికి పంపుతాండాం. మనుషులైతే టీ అన్నా తాగుతారు, ఒగ కాయ అన్నా కొంటారు.

మాలగా_కడపోడు | మంగళవారం రాత్రి

మనవడన్నా, ఆ హోటల్ పేరు, వీధి పేరు నాకు విడిగా పంపు. శనివారం సెలవు. ఆ కట్టడం ఇంకా ఉంటే ఫోటో తీసి పంపిచ్చా. లేకుంటే ఆ చోటిది తీసి పంపిచ్చా.

మనవడు_గుంతకల్లు | బుధవారం రాత్రి

పంపినా అన్నా. అందరికీ ఎట్ల థాంక్స్ చెప్పాలో తెలీదు.

ఈ పొద్దు సాయంత్రం బ్యాంకు సార్ రాసింది మా జేజికి చదివి వినిపించినా. ఆరు మడతల కాయితం ఒళ్లో పరిచి, కొట్టేసిన అంకెల మీద వేలు పెట్టి చూపించినా. ఆమెకు చదువు రాదు గానీ అంకెలు వస్తాయి. శానాసేపు చూసింది. తర్వాత అనింది: "ఈ లెక్క నాకు తెలుసురా. మీ జేజినాయన రాత్రిళ్లు లాంతరు కాడ కూచ్చోని రాస్తా ఉంటే, ఏంది అని అడిగితి. నీ కమ్మల లెక్కే అని చెప్పినాడు. నూట అరవై ఆరు అన్నాడు. సరే, పంట వచ్చినాక చేపిస్తాడులే అనుకుంటి. ఆ ఏడే ఇంకోరోజు అడిగితే, రేటు పెరిగిపాయె, ఇప్పుడు కాదులే అన్నాడు."